24 వోల్టుల డీసీ లైన్‌లో డ్రాప్ (దారిలో వోల్టేజ్ పడిపోవడం) తగ్గించడం, షార్ట్ అయితే సరైన చోట కట్ అయ్యేలా చేయడం ఎలా

జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు, ఎక్కడి ప్యాకింగ్ లైన్ చూసినా ఈ గొడవ ఉంటుంది. ప్యానెల్‌లో మీటర్ పెడితే 24 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తుంది, లైన్ చివరి వాల్వ్ మాత్రం మధ్యాహ్నం షిఫ్టులో మొరాయిస్తుంది. వాల్వ్‌ను లాగే కాయిల్ మార్చినా అంతే, వాల్వ్ మొత్తం మార్చినా అంతే. ఇంకో గొడవ కూడా మామూలే: ఫీల్డ్‌లో ఒక సెన్సార్ కేబుల్ నలిగి షార్ట్ అవుతుంది, దాని ఎంసీబీ (కరెంట్ ఎక్కువైతే తనే పడి లైన్ కట్ చేసే స్విచ్) పడదు, పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే కంట్రోలర్) మాత్రం ఆగి మళ్లీ మొదలవుతుంది, లైన్ మొత్తం నిలబడిపోతుంది.

మొదటి గొడవకు కేబుల్ వాళ్లను, రెండోదానికి ప్యానెల్ వాళ్లను పిలుస్తారు. నిజానికి రెండూ ఒకే లెక్క మీద నడుస్తాయి. ప్యానెల్ నుంచి లోడ్ దాకా పోనూ రానూ తీగకు ఎన్ని ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉందో తెలిస్తే, లోడ్ దగ్గర ఎంత వోల్టేజ్ మిగులుతుందో తెలుస్తుంది, అక్కడ షార్ట్ అయితే ఎంత కరెంట్ పారుతుందో కూడా తెలుస్తుంది. దీన్ని లూప్ రెసిస్టెన్స్ అందాం. కిందిదంతా ఆ ఒక్క అంకె చుట్టూ తిరిగే పనే.

ముందు కొలవండి, తర్వాతే ఏదైనా విప్పండి

లోడ్ ఆన్‌లో లేకుండా కొలిచిన వోల్టేజ్‌తో ఏ ఉపయోగమూ లేదు. కరెంట్ పారకపోతే డ్రాప్ ఉండదు, అరవై మీటర్ల అవతల కూడా 24 చూపిస్తుంది, "వోల్టేజ్ బాగానే ఉందన్నా" అని అందరూ వెళ్లిపోతారు. కాబట్టి ఆపరేటర్‌తో మాట్లాడుకుని, ఎక్కువ వాల్వులు ఒకేసారి పనిచేసే స్టెప్‌లో మెషీన్‌ను ఆపించండి, లేదా పీఎల్‌సీలోంచి ఔట్‌పుట్లు ఫోర్స్ (బలవంతంగా ఆన్) చేయించండి. ఫోర్స్ చేసేముందు గాలి లైన్ మూసి, లోపలి గాలి వదిలేయండి. సిలిండర్ దగ్గర ఎవరి చెయ్యీ లేదని కళ్లతో చూసుకోండి. ఇది ఫోన్‌లో అడిగి తెలుసుకునే విషయం కాదు.

ఇప్పుడు వరుసగా కొలవండి: ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టుల ఏసీని 24 వోల్టుల డీసీగా మార్చే సప్లై) టెర్మినల్ మీద, ఎంసీబీ లేదా ఫ్యూజ్ దాటాక, ప్యానెల్ ఔట్‌గోయింగ్ టెర్మినల్ దగ్గర, జంక్షన్ బాక్స్‌లో, చివరగా లోడ్ కనెక్టర్ దగ్గర. అన్నీ ఒకే కాగితం మీద రాయండి. ఎక్కడ ఎక్కువ పడిపోయిందో అక్కడికక్కడే కనిపిస్తుంది. చాలాసార్లు కేబుల్‌లో కంటే ప్యానెల్ లోపలే ముప్పావు వోల్టు పోయి ఉంటుంది. రెండు ఎస్‌ఎంపీఎస్‌లు కలిపే డయోడ్ మాడ్యూల్ ఉంటే అదొక్కటే అర వోల్టు దాకా మింగుతుంది.

ఇంకో కొలత ఉంది, దీన్ని చాలామంది చేయరు. ఒక పొడవాటి సన్న వైరు తీసుకుని మీటర్ ఒక ప్రోబ్‌కు జోడించండి. దాని రెండో కొసను ఎస్‌ఎంపీఎస్ ప్లస్ మీద పెట్టి, మీటర్ రెండో ప్రోబ్‌ను లోడ్ ప్లస్ మీద పెట్టండి. ప్లస్ తీగలో ఎంత పోతోందో నేరుగా చూపిస్తుంది. మీటర్‌లో కరెంట్ దాదాపు పారదు కాబట్టి ఆ సన్న వైరు వల్ల కొలతలో తప్పు రాదు. అలాగే మైనస్ వైపు. రెండూ ఒకే సైజు తీగ, ఒకే పొడవు అయితే రెండు అంకెలూ దాదాపు సమానంగా రావాలి. ప్లస్‌లో 0.9 వచ్చి మైనస్‌లో 2.1 వస్తే కేబుల్ తప్పేం లేదు, మైనస్ వైపు ఎక్కడో స్క్రూ వదులైంది, లేదా పిన్ లగ్ (తీగ కొసకు వేసే లోహపు తొడుగు) సరిగ్గా నొక్కలేదు, లేదా కామన్‌ను (అందరికీ ఉమ్మడి మైనస్ తీగను) డజను పరికరాల మీదుగా లూపింగ్ చేసుకుంటూ పోయారు. ఈ లూపింగ్ చాలా ప్యానెళ్లలో కనిపిస్తుంది. చివరి పరికరం కరెంట్ ముందున్న స్క్రూలన్నీ దాటి వెనక్కి రావాలి, మధ్యలో ఎవరో ఒకటి విప్పితే మిగతావన్నీ చచ్చిపోతాయి. సున్నా వోల్టుల (మైనస్) వైపు ఒక కామన్ బార్ పెట్టి, ఒక్కో గ్రూపుకు ఒక్కో తీగ లాగడం అరపూట పని.

లెక్క

ఫ్లెక్సిబుల్ రాగి తీగకు 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు గరిష్ఠ రెసిస్టెన్స్ సుమారుగా ఇలా ఉంటుంది: 0.5 స్క్వేర్ ఎంఎం 39 ఓమ్‌లు, 0.75 అయితే 26, 1 స్క్వేర్ 19.5, 1.5 స్క్వేర్ 13.3, 2.5 స్క్వేర్ 8, 4 స్క్వేర్ 5, 6 స్క్వేర్ 3.3. కంపెనీ కేటలాగ్‌లో కొద్దిగా తక్కువ ఉండొచ్చు, ఫరవాలేదు. సెన్సార్లకు వచ్చే రెడీమేడ్ కేబుళ్లలో 0.34 స్క్వేర్ ఎక్కువగా కనిపిస్తుంది, దానికి 50 ఓమ్‌ల పైమాటే.

లూప్ రెసిస్టెన్స్ కావాలంటే ఒకవైపు దూరాన్ని రెట్టింపు చేసి ఈ అంకెతో గుణించి వెయ్యితో భాగించండి. రెట్టింపు చేయడం మర్చిపోవడం మామూలే, ఏసీ వైరింగ్ టేబుళ్లు చూసి లెక్కేసేవాళ్లు ముఖ్యంగా ఇక్కడే దెబ్బతింటారు.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ప్యానెల్ నుంచి 60 మీటర్ల దూరంలో పది సోలెనాయిడ్ వాల్వులు, ఒక్కోటి 4.8 వాట్లు, అంటే 0.2 ఆంపియర్. అన్నీ కలిపి 2 ఆంపియర్లు. తీగ 1 స్క్వేర్. పోనూ రానూ 120 మీటర్లు, లూప్ 2.34 ఓమ్‌లు. 2 ఆంపియర్లతో గుణిస్తే 4.7 వోల్టులు పోయినట్టే, మిగిలేది 19.3. కాయిల్స్ కాబట్టి వోల్టేజ్ తగ్గితే కరెంట్ కూడా తగ్గుతుంది, మీటర్‌లో 20 దాకా కనిపిస్తుంది. అయినా చాలా వాల్వులకు 24కు పది శాతం అటూ ఇటూ అని రాసి ఉంటుంది, అంటే 21.6 కంటే తగ్గకూడదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇదే వాల్వ్ లాగుతుంది, కాయిల్ వేడెక్కాక దాని సొంత రెసిస్టెన్స్ పెరిగి లాగే బలం చాలదు. మధ్యాహ్నం షిఫ్టులోనే మొరాయించడానికి కారణం ఇదే.

అదే చోట కాయిల్స్ బదులు 48 వాట్ల హెచ్‌ఎంఐ (ఆపరేటర్ తెర), రిమోట్ ఐఓ (పీఎల్‌సీకి దూరంగా సిగ్నళ్లు అందుకునే మాడ్యూల్) లాంటివి ఉంటే పరిస్థితి ఇంకా చెడుతుంది. వాటి లోపల కన్వర్టర్ ఉంటుంది, వోల్టేజ్ తగ్గేకొద్దీ అది కరెంట్ ఎక్కువ లాగుతుంది, దాంతో డ్రాప్ మళ్లీ పెరుగుతుంది. లెక్క వేస్తే ఆ చివర 17.6 వోల్టుల దగ్గర, 2.7 ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. పీఎల్‌సీ రకం పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 20.4 నుంచి 28.8 వోల్టులు ఉండాలి, 17.6కి చాలావరకు రీసెట్ అయిపోతాయి.

ఇక మన వేడి సంగతి. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, పైకప్పుకు ఆనుకుని పోయే కేబుల్ ట్రేలో తీగ 60 డిగ్రీల దగ్గర ఉంటే, టేబుల్లో అంకె కంటే 16 శాతం ఎక్కువ వేసుకోండి. మన 2.34 అప్పుడు 2.7 అవుతుంది.

కొత్త తీగ మీద అనుమానం ఉంటే, తీగ చుట్ట విప్పకముందే దాని రెండు కొసల మధ్య మీటర్‌తో ఓమ్‌లు చూడండి. 100 మీటర్ల 1 స్క్వేర్ తీగ 2 ఓమ్‌ల లోపే రావాలి. ముందు ప్రోబ్‌లు రెండూ తాకించి వచ్చే 0.2, 0.3 తీసేయండి. 2.6 వస్తే ట్రూప్‌బజార్‌లో మీకు అంటగట్టింది పేరుకే 1 స్క్వేర్, రాగి తక్కువ లేదా రాగి పూత వేసిన అల్యూమినియం. బిల్లుతో పాటు ఐఎస్ఐ ముద్ర ఉన్నది తీసుకుంటే ఈ తంటా సగం తగ్గుతుంది.

డ్రాప్ తగ్గించడం, తేలికైన పని నుంచి మొదలుపెట్టి

శాతాలతో మొదలెట్టకండి. లోడ్ ప్లేటు మీద కనీస వోల్టేజ్ ఎంతో చూడండి, దానికి కొద్దిగా మార్జిన్ కలపండి, 24లోంచి తీసేయండి. 21.6 కావాల్సిన వాల్వుకు 2.4 వోల్టులు ఖర్చు పెట్టుకోవచ్చు. డయోడ్ మాడ్యూల్ అర వోల్టు, రక్షణ పరికరం, టెర్మినళ్లు కలిపి ఇంకో పావు వోల్టు తిన్నాక కేబుల్‌కు ఒకటిన్నర మిగులుతుంది.

మొదట వదులు స్క్రూలు, లూపింగ్ సరిచేయండి, ఖర్చు లేదు. స్క్రూ బిగించేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఇన్‌పుట్ వైపు 230 వోల్టులు ఉందని గుర్తుంచుకోండి, 24 వోల్టులే కదా అన్న ధైర్యంతో పవర్ ఆపకుండా చెయ్యి పెట్టేవాళ్లను చాలామందిని చూస్తుంటాం.

తర్వాత, ఆ కేబుల్‌లో ఖాళీ కోర్లు ఉన్నాయేమో చూడండి. పన్నెండు కోర్ల కేబుల్ వేసి ఎనిమిదే వాడి ఉంటే, మిగతా నాలుగింటిని రెండు ప్లస్‌కు, రెండు మైనస్‌కు జత చేయొచ్చు. ఒక్క కోర్ మూడు కోర్లయితే డ్రాప్ మూడో వంతుకు వస్తుంది. రెండు వైపులా చేయాలి, ప్లస్‌కే చేస్తే మైనస్‌లో పోయేది అలాగే పోతుంది. ఒక జాగ్రత్త: జత చేసిన కోర్లలో ఒకటి తెగితే మిగతా వాటి మీద భారం పడుతుంది, కాబట్టి ఫ్యూజ్ విలువ ఒక్క కోర్ తట్టుకునేంతే ఉండాలి.

కోర్లు లేకపోతే లావు తీగ. మన ఉదాహరణలో 2.5 స్క్వేర్ వేస్తే లూప్ 0.96 ఓమ్, లోడ్ దగ్గర 22 వోల్టులు దాటుతుంది. 4 స్క్వేర్‌కు 22.8. జంక్షన్ బాక్స్ దాకా లావు తీగ వేసి, అక్కడి నుంచి ఒక్కో వాల్వుకు రెండు మూడు మీటర్లు మామూలు తీగ చాలు.

ఎస్‌ఎంపీఎస్ మీద ఉన్న చిన్న పాట్ (వోల్టేజ్ సర్దే స్క్రూ) తిప్పి వోల్టేజ్ పెంచడం అందరికీ ముందు తట్టే ఉపాయం, నేను దీన్ని నాలుగో స్థానంలో పెడతాను. డిన్ రైల్ (ప్యానెల్ లోపలి లోహపు పట్టీ) మీద బిగించే రకంలో సాధారణంగా 24 నుంచి 28 దాకా వస్తుంది. ఒక వోల్టు, ఒకటిన్నర పెంచడం తప్పు కాదు, కానీ దగ్గరున్న పరికరాలకు కూడా ఆ వోల్టేజే వెళ్తుంది. దూరపు లోడ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు డ్రాప్ ఉండదు, అప్పుడు అందరికీ పూర్తి వోల్టేజ్. పది శాతం పరిమితి ఉన్న కాయిల్స్‌కు పైహద్దు 26.4. కాబట్టి అన్ని లోడ్లు ఆపి, ప్యానెల్ పక్కనున్న కాయిల్ దగ్గర మీటర్ పెట్టి, ఇన్సులేటెడ్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పండి. 25.5 దగ్గర ఆపేస్తే ఎవరికీ నొప్పి లేదు. 240 వాట్ల సప్లై 24 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు ఇస్తే, 26 దగ్గర 9.2 మాత్రమే ఇస్తుందని కూడా లెక్కలో వేసుకోండి. తిప్పాక ఎంతకు పెట్టారో, ఏ తేదీన పెట్టారో ప్యానెల్ తలుపు లోపల రాసి అంటించండి. లేకపోతే ఆర్నెల్లకు సప్లై మార్చినవాడు 24కే పెడతాడు, వాల్వ్ మళ్లీ మొరాయిస్తుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు.

కొన్ని సప్లైలకు సెన్స్ టెర్మినళ్లు ఉంటాయి. లోడ్ దగ్గర నుంచి రెండు సన్న తీగలు మెలిపెట్టి వెనక్కి తెస్తే, సప్లై తన దగ్గరి వోల్టేజ్ కాకుండా లోడ్ దగ్గరి వోల్టేజ్ చూసి సర్దుకుంటుంది. వినడానికి బాగుంటుంది గానీ, మామూలు సప్లైల్లో ఇది పూడ్చగలిగేది అర వోల్టు లాంటి కొద్ది మొత్తమే, పైగా లోడ్ ఒకే చోట ఉండాలి. టెస్ట్ బెంచ్‌కు బాగుంటుంది, అరవై మీటర్ల కన్వేయర్‌కు కాదు. వాడితే ప్లస్ సెన్స్, మైనస్ సెన్స్ తారుమారు కాకుండా చూడండి, సెన్స్ తీగలకు చిన్న ఫ్యూజులు పెట్టండి. మెయిన్ తీగ తెగిపోతే లోడ్ కరెంటంతా ఆ సన్న తీగల మీదే పడుతుంది.

దూరం మరీ ఎక్కువైతే, ఎనభై వంద మీటర్లు దాటి నాలుగైదు ఆంపియర్లు కావాలంటే, రాగి మీద డబ్బు పోయొద్దు. అక్కడికి 230 వోల్టుల ఏసీ తీసుకెళ్లి, ఒక చిన్న బాక్స్‌లో ఇంకో ఎస్‌ఎంపీఎస్ పెట్టండి. అదే వాట్లకు 24 వోల్టుల్లో కావాల్సిన కరెంట్‌లో దాదాపు పదో వంతు చాలు. రెండు సప్లైల సున్నా వోల్టులు కలపండి, సిగ్నళ్లకు రిఫరెన్స్ ఒకటే ఉండాలి కాబట్టి. ప్లస్‌లు మాత్రం కలపకండి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే ఈ కొత్త సప్లై వాల్వుల పవర్ కూడా పోవాలి, ఆ సర్క్యూట్ ఒకసారి కాగితం మీద గీసి చూసుకోండి.

ఎంసీబీ ఎందుకు పడదు

ఇప్పుడు అదే 2.34 ఓమ్‌లతో రెండో సగం. 60 మీటర్ల అవతల, జంక్షన్ బాక్స్‌లో ప్లస్, మైనస్ తాకాయి. పారే కరెంట్ 24ను 2.34తో భాగిస్తే 10.3 ఆంపియర్లు. వేడి తీగ అయితే 8.9. అంతే, డెడ్ షార్ట్ అయినా అంతకు మించి రాదు.

ఆ లైన్‌కు ప్యానెల్‌లో సీ కర్వ్ 6 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకుందాం, చాలా ప్యానెళ్లలో ఉండేది అదే. కర్వ్ అంటే రేటింగ్‌కు ఎన్ని రెట్ల కరెంట్ వస్తే వెంటనే పడుతుందో చెప్పే రకం. సీ కర్వ్ వెంటనే పడాలంటే ఏసీలో రేటింగ్‌కు ఐదు నుంచి పది రెట్లు కావాలి. డీసీలో ఆ అంకెలు దాదాపు ఒకటిన్నర రెట్లు పెరుగుతాయి, అంటే ఏడున్నర నుంచి పదిహేను రెట్లు. 6 ఆంపియర్లకు 45 నుంచి 90 ఆంపియర్లు. మన దగ్గర ఉన్నది పది. ఇక మిగిలింది లోపలి బైమెటల్ (వేడికి వంగే లోహపు పట్టీ) వేడెక్కి పడటం. పది ఆంపియర్లు అంటే 1.7 రెట్లు, దానికి నిమిషాలు పడుతుంది. వేడి తీగ లెక్కన 1.5 రెట్లే, ఆ ప్రాంతంలో ప్రమాణమే గంట దాకా గడువు ఇస్తుంది.

లైన్ పొట్టిగా, తీగ లావుగా ఉంటే ఎంసీబీ పడుతుందా అంటే, అక్కడ ఎస్‌ఎంపీఎస్ అడ్డుపడుతుంది. 10 ఆంపియర్ల సప్లై షార్ట్ అయితే 11, 13, మహా అయితే కొద్ది సెకన్లు 15 ఇచ్చి, అక్కడే కరెంట్‌ను పట్టేసి వోల్టేజ్ దింపేస్తుంది. 90 ఆంపియర్లు దానికి చేతకాదు. ఏసీలో ట్రాన్స్‌ఫార్మర్ వందల ఆంపియర్లు తోస్తుంది కాబట్టి ఎంసీబీ టక్కున పడుతుంది, ఆ అలవాటుతో డీసీ వైపు కూడా అవే పెట్టేస్తున్నారు. షార్ట్ పది ఆంపియర్లు, మిగతా లోడ్లు నాలుగు, మొత్తం పద్నాలుగు, సప్లై పరిమితి దాటింది, వోల్టేజ్ 15కో 10కో జారింది, అదే సప్లై మీదున్న పీఎల్‌సీ రీసెట్ అయింది. ఎంసీబీ నిటారుగానే ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఏ ఎంసీబీ పడలేదు కాబట్టి పీఎల్‌సీ పోయిందంటాడు. వేల రూపాయల సీపీయూ మార్చి చూసినవాళ్లు ఉన్నారు.

ఈలోపు ఆ పది ఆంపియర్లు 0.34 స్క్వేర్ సెన్సార్ కేబుల్‌లో పారుతుంటే? సెన్సార్ కేబుల్ కొసన ఉండే మామూలు ఎం12 కనెక్టర్ రేటింగే 4 ఆంపియర్లు. ముందు కేబుల్ పైతొడుగు మెత్తబడి వాసన వస్తుంది, తర్వాత పక్క కేబుల్‌కు అంటుకుంటుంది.

ఏం పెట్టాలి

ఒక్కో లైన్‌కు మూడు షరతులు. రక్షణ పరికరం రేటింగ్ లోడ్ కరెంట్ కంటే తక్కువ ఉండకూడదు. ఆ లైన్‌లో అన్నిటికంటే సన్న తీగ తట్టుకునే కరెంట్ కంటే తక్కువ ఉండాలి. చివర షార్ట్ అయినప్పుడు పారే కరెంట్, అది త్వరగా పడటానికి కావాల్సినంత ఉండాలి. మొదటి రెండూ అందరూ చూస్తారు. మూడోది చూడాలంటే లూప్ రెసిస్టెన్స్ కావాలి, అందుకే ముందు ఆ లెక్క చేశాం.

నా ఓటు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బ్రేకర్‌కు. నాలుగు, ఎనిమిది చానళ్లతో డిన్ రైల్ మీద కూర్చుంటుంది, ఒక్కో చానల్‌కు 1 నుంచి 10 ఆంపియర్ల దాకా సెట్ చేయొచ్చు. సీమెన్స్ సైటాప్, ఫీనిక్స్ కాంటాక్ట్, ముర్ ఎలక్ట్రానిక్, ఈటీఏ లాంటి కంపెనీలన్నిటివీ దొరుకుతాయి. బైమెటల్ వేడెక్కే దాకా ఆగదు, తనే కరెంట్ కొలుస్తుంది, సెట్ చేసిన దాని కంటే కొంచెం దాటితే కొన్ని సెకన్లలో, బాగా దాటితే మిల్లీసెకన్లలో ఆ ఒక్క చానల్‌ను కట్ చేస్తుంది, సప్లై వోల్టేజ్ జారకముందే. మన 2 ఆంపియర్ల వాల్వ్ లైన్‌కు 3 ఆంపియర్లు సెట్ చేస్తే, చివర షార్ట్‌లో వచ్చే 8.9 దానికి ఎక్కువే. దాని అలారం కాంటాక్ట్‌ను పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు కలిపి, ఏ గ్రూపు పడిందో హెచ్‌ఎంఐ మీద తెలుగులోనే చూపించేలా రాయించండి, రాత్రి షిఫ్టులో ఫోన్లు తగ్గుతాయి. ఒక సంగతి, కొన్ని మోడళ్లలో ఆఫ్ చేసినా లోపల సెమీకండక్టరే ఆపుతుంది గానీ కాంటాక్ట్ విడిపోదు. మరమ్మతుకు దాన్ని ఐసొలేటర్‌గా నమ్మకండి.

ఖరీదు ఎక్కువ అనిపిస్తే, అన్ని లైన్లకూ అక్కర్లేదు. పొడవాటి లైన్లకు, పీఎల్‌సీతో ఒకే సప్లై పంచుకునే ఫీల్డ్ లైన్లకు పెట్టండి. ప్యానెల్ లోపల మీటరు దూరంలో ఉన్న వాటికి ఫ్యూజ్ టెర్మినల్ సరిపోతుంది. గాజు ఫ్యూజ్‌కు కూడా బద్ధకం ఉంటుంది, టీ రకం (నెమ్మదిగా పోయే) 2 ఆంపియర్ల ఫ్యూజ్ 4.2 ఆంపియర్ల దగ్గర రెండు నిమిషాల దాకా తీసుకోవచ్చు, పది రెట్లు వస్తే గానీ చురుగ్గా పోదు. సెన్సార్ గ్రూపుకు ఎఫ్ రకం (త్వరగా పోయే) అర ఆంపియరో ఒక ఆంపియరో పెడితే పది ఆంపియర్ల షార్ట్‌కు వెంటనే పోతుంది. ఎల్ఈడీ ఉన్న ఫ్యూజ్ హోల్డర్ తీసుకోండి, పోయింది ఏదో కనిపిస్తుంది. డీసీకి పనికొచ్చే రేటింగ్ ఉందో లేదో డేటాషీట్‌లో చూడండి, 250 వోల్టుల ఏసీ అని మాత్రమే ఉంటే అది డీసీ మాట కాదు.

ఎంసీబీయే వాడాలంటే జెడ్ కర్వ్ అడగండి. డీసీలో మూడు నుంచి నాలుగున్నర రెట్లకే పడుతుంది. 2 ఆంపియర్లది అయితే 6 నుంచి 9 ఆంపియర్లు, మన లైన్‌లో చల్లని తీగకు సరిపోతుంది, వేడి తీగకు అంచు మీద ఉంటుంది. రాణీగంజ్ దుకాణాల్లో సీ కర్వ్ చేతికిచ్చి "అన్నీ ఒకటే సార్" అంటారు, ఒకటే కాదు. ఇంకొకటి, బైమెటల్ చాలా ఎంసీబీల్లో 30 డిగ్రీలకు సరిచేసి ఉంటుంది. 50 డిగ్రీల ప్యానెల్‌లో పక్కపక్కన బిగిస్తే నిండు లోడ్‌లో అనవసరంగా పడుతుంటుంది. సప్లై కూడా అంతే, 50 లేదా 60 డిగ్రీలు దాటాక పూర్తి వాట్లు ఇవ్వదు. డేటాషీట్‌లో ఆ గీత ఒకసారి చూసి, ఫ్యాన్ ఫిల్టర్ దుమ్ము కొట్టించండి.

పీఎల్‌సీ సీపీయూ, నెట్‌వర్క్ స్విచ్ ఒక చానల్ మీద, ఇన్‌పుట్లు ఒకటి మీద, వాల్వులు ఇంకోటి మీద ఉండాలి. బడ్జెట్ ఉంటే పీఎల్‌సీకి విడిగా చిన్న సప్లై పెట్టడమే హాయి.

సున్నా వోల్టులను ప్యానెల్‌లో ఒకే చోట ఎర్త్‌కు కట్టండి, విప్పగలిగే లింక్‌తో. ఇది చేయకపోతే ప్లస్ తీగ ఎక్కడో మెషీన్ బాడీకి తాకినా ఏ ఫ్యూజూ పోదు, ఎవరికీ తెలియదు. రెండో చోట కూడా తాకిన రోజు బటన్ నొక్కకుండానే వాల్వ్ పనిచేయొచ్చు. వానాకాలంలో నీళ్లు దిగిన జంక్షన్ బాక్సుల్లో ఇది ఊహ కాదు. మెషీన్ కంట్రోల్ ప్రమాణం ఐఈసీ 60204-1 కూడా అడిగేది ఇదే, ఒక కొస ఎర్త్‌కు కట్టు, లేదా ఇన్సులేషన్ మానిటర్ పెట్టు అని. ఫ్యూజ్ మాత్రం ఎప్పుడూ ప్లస్‌లోనే, ఎర్త్ చేసిన సున్నా వైపు పెట్టకూడదు.

బ్యాటరీ బ్యాకప్ ఉన్న ప్యానెల్‌లో లెక్క తలకిందులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు షార్ట్‌లో వందల ఆంపియర్లు ఇస్తాయి. కాబట్టి ఫ్యూజ్ బ్యాటరీ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి, ఆ కరెంట్‌ను డీసీలో తెంపే సామర్థ్యం దాని మీద రాసి ఉండాలి. బ్యాటరీ ఫ్లోట్‌లో (నిండాక చార్జర్ మీదే ఉన్నప్పుడు) 27 వోల్టుల పైనే ఉంటుంది, దూరపు లోడ్ ఆఫ్‌లో ఉంటే అంతా పరికరాలకే వెళ్తుంది. మళ్లీ పాట్ తిప్పే ఆలోచన అక్కడ పెట్టుకోకండి.

పరీక్ష

ఆటోనగర్‌లో లారీ హెడ్‌లైట్ బల్బు కొనండి, 24 వోల్టుల హెచ్4. లో బీమ్ 70 వాట్లు, దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. రెండు వైర్లు జోడించి హోల్డర్‌తో సహా ఒక రేకు డబ్బాలో బిగించుకుంటే ఇంతకంటే మంచి డమ్మీ లోడ్ దొరకదు. గాజు బాగా కాలుతుంది, ప్లాస్టిక్ దగ్గర పెట్టకండి. లోడ్ కనెక్టర్ విప్పి బల్బు పెట్టండి, చివరి వోల్టేజ్ కొలవండి, కరెంట్ క్లాంప్ మీటర్‌తో చూడండి. క్లాంప్ డీసీ కొలిచేదై ఉండాలి, మామూలు ఏసీ క్లాంప్ సున్నా చూపిస్తుంది. సప్లై వోల్టేజ్‌లోంచి చివరి వోల్టేజ్ తీసేసి కరెంట్‌తో భాగిస్తే లూప్ రెసిస్టెన్స్ వచ్చేస్తుంది, స్క్రూలు, లగ్గులు, డయోడ్ మాడ్యూల్ అన్నీ కలిపి. కాగితం మీద వేసిన లెక్కకు ఇది ఇరవై ముప్పై శాతం పైన ఉంటే ఎక్కడో వదులు కనెక్షన్ ఇంకా ఉంది.

చల్లటి ఫిలమెంట్ వెలిగే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది, అందువల్ల 3 ఆంపియర్లకు సెట్ చేసిన చానల్ ఒకోసారి బల్బు పెట్టగానే పడుతుంది. కొలత కోసం చానల్‌ను తాత్కాలికంగా 4కో 6కో పెట్టి, అయిపోగానే తిరిగి 3కి తేవాలి.

చివరగా షార్ట్ పరీక్ష. ప్రొడక్షన్ ఆగిన రోజు, గాలి, మోటార్ పవర్ ఆపి, ఎలక్ట్రానిక్ బ్రేకర్ లేదా ఫ్యూజ్ ఉన్న లైన్‌లో మాత్రమే చేయాలి, బ్యాటరీ మీద ఎప్పుడూ చేయకూడదు. చానల్ ఆఫ్ చేసి, చివరి జంక్షన్ బాక్స్‌లో ప్లస్, మైనస్ మధ్య 2.5 స్క్వేర్ జంపర్ బిగించి, దూరం జరిగి, ప్యానెల్ దగ్గర చానల్ ఆన్ చేయండి. పీఎల్‌సీ టెర్మినల్ మీద మీటర్‌ను మినిమమ్ రికార్డ్ మోడ్‌లో పెట్టి ఉంచండి. చానల్ వెంటనే పడి, మీటర్‌లో కనిష్ఠం 20.4 కంటే కిందికి రాకుండా, పీఎల్‌సీ రన్ లైటు అలాగే వెలుగుతుంటే ఆ లైన్ అయిపోయినట్టు. మామూలు మీటర్ మిల్లీసెకన్ల జారుడును పట్టకపోవచ్చు, అందుకని పీఎల్‌సీ డయాగ్నస్టిక్ బఫర్‌లో (జరిగిన లోపాల జాబితాలో) పవర్ ఫెయిల్ ఎంట్రీ ఏదైనా పడిందేమో కూడా చూడండి. జంపర్ తీసేసి, తీశామని కాగితం మీద టిక్ పెట్టి, తర్వాతి లైన్‌కు వెళ్లండి.